చిల్లుల మేస్త్రి

మా పెరటి గోడ కట్టిన మనిషిని మా వీధిలో అందరూ చిల్లుల మేస్త్రి అంటారు. ఆయన ఎదుటే అంటారు, ఆయనా పలుకుతాడు. ఏ గోడ కట్టినా అడుగున వరసగా చిల్లులు పెట్టనిదే ఆయనకు ముద్ద దిగదు. మనం పూలకుండీ కొనుక్కొస్తే, తిరగేసి అడుగు చూసి గానీ మొక్క పెట్టనివ్వడు. "మేస్త్రిగారూ, మీ చొక్కాకీ చిల్లులున్నాయి" అని నేనోసారి వేళాకోళం చేశాను. "ఉండొద్దా అమ్మా మరి, గాలి ఆడాలి కదా" అన్నాడు, పార ఆపకుండా.

ఆయన గురించి చెప్పమని నన్నెవరూ అడగలేదు. కానీ నేను ఆయనతో ఒక అబద్ధం ఆడాను. ఒక్కటే మాట. ఆ మాట మీద పక్కింటి పెద్దాయన ప్రాణం ఒక రోజంతా వేలాడింది. అది చెప్పుకోకుండా ఆయన గొప్ప చెబితే దొంగలెక్క అవుతుంది. అందుకని రెండూ కలిపే చెబుతున్నాను.

నేను కుట్టుపని మనిషిని. ముందు గదిలో మిషను పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా జాకెట్లు, గౌన్లు కుడుతున్నాను. మా ఆయన లారీ తోలతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. నాకో చెడ్డ గుణం ఉంది. లోపలి కుట్టు బయటికి కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. పక్కవాళ్ళ పిల్ల గౌను అంచు మడత ఊడి ఉంటే బజార్లోనైనా ఆపి పిన్నీసు పెడతాను. ఈ గుణం వల్లే కొంప మునగబోయింది.

మా ఇల్లు మెరక మీద ఉంటుంది, పక్కవాళ్ళది పల్లంలో. మా పెరడు వెనక గుమ్మం దగ్గర మొదలై, వాలుగా జారిపోయి వాళ్ళ హద్దు దగ్గర ఆగేది. వానొస్తే మట్టి కొట్టుకుపోయేది, ఎండొస్తే గట్టిపడి పగిలేది. విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన బకెట్లు, పిచ్చి మొక్కలు తప్ప అక్కడ ఇంకేమీ ఉండేవి కావు. పొద్దస్తమానం మిషను ముందు కూచుని నడుం పట్టేసినదాన్ని, సాయంత్రం ఆరుబయట కాళ్ళు చాపుకునే చోటు నాకూ ఒకటి ఉండకూడదా అనిపించేది. నాలుగు గులాబీలు, కాసింత పుదీనా, రెండు కుర్చీలు, నెత్తిన ఒక పూలతీగ. అంతకంటే ఏమీ కోరలేదు. మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే చివరికి సరేనన్నాడు.

చిల్లుల మేస్త్రి మొదటి రోజు పనిముట్టే ముట్టలేదు. బకెట్టు నిండా నీళ్ళు అడిగి తీసుకుని, వెనక గుమ్మం మెట్టు మీద పోసి, ఆ నీళ్ళ వెంట నడుం వంచి నడిచాడు. ఆగిన చోట ఆగి, వంపు తిరిగిన చోట తిరిగి, పక్కింటి హద్దు దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి ఇంకో బకెట్టు అడిగాడు. మూడో బకెట్టుకి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మేస్త్రిగారూ, గులాబీలు ఎక్కడ పెడతారో చెప్పండి ముందు."

"ముందు ఇది ఎటు పోతోందో చూడనీ అమ్మా. గులాబీల సంగతి అదే తేలుతుంది."

తేలింది ఇదీ. హద్దు మీద రాతి గోడ కట్టి, మా వైపు మట్టి పోసి పెరడంతా సమం చెయ్యాలి. గోడ వెంబడి రెండు గజాల వెడల్పున పూలమడి, దాని ముందు రాతి పలకలు పరిచిన కూర్చునే చోటు. మా వైపు నుంచి చూస్తే గోడ మోకాలెత్తే. అవతల నుంచి చూస్తే మనిషెత్తు. ఆ ఎత్తంతా మా మట్టిని మొయ్యాలి.

గోడ అడుగున, వాళ్ళ నేలకి జానెడు పైన, ఎనిమిది పైపు ముక్కలు పెట్టాడు. నేను ఊరుకోలేదు.

"కొత్త గోడకి చిల్లులేంటండీ, ఎలుకలు దూరడానికా?"

"నీళ్ళు పోవడానికి."

"పోతే పక్కింటి అక్కావాళ్ళ ఇంట్లోకే కదా పోయేది. మట్టి మరకలు పడితే బాగుంటుందా?"

"మరకలు కడిగితే పోతాయమ్మా" అన్నాడు. అంతకంటే వివరం చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఒక్కో పైపు వెనకా కంకర తన చేత్తో ఏరి సర్దాడు. మట్టి వచ్చి పైపులో కూరుకోకుండా అడ్డుపెట్టడానికి గుడ్డ కావాలన్నాడు. గౌన్లకు వాడే వలగుడ్డ ముక్కలు నా సంచిలో ఉంటే ఇచ్చాను. వాటిని నాలుగు మడతలు వేసి అతి జాగ్రత్తగా చుడుతుంటే, ఈయన మా ఇంట్లో పుట్టి ఉంటే నాకంటే మంచి దర్జీ అయ్యేవాడనిపించింది.

మొదటి వానకి, పిలవకుండానే వచ్చాడు. నెత్తిన గోనెసంచి కప్పుకుని, అక్కావాళ్ళ వైపుకి వెళ్ళి, ఒక్కో చిల్లు కింద అరచెయ్యి పెట్టి చూశాడు. ఎనిమిదీ చూశాక తలాడించి వెళ్ళిపోయాడు. టీ తాగమంటే ఇంకా ఆరిళ్ళు ఉన్నాయన్నాడు. తను కట్టిన ప్రతి పెరటికీ మొదటి వానలో వెళ్ళి చూసి వస్తాడట, ప్రతి ఏడూ. వానలో తడుస్తూ గోడల కింద చేతులు పెట్టే మనిషిని చూసి జనం నవ్వక ఏం చేస్తారు.

ఆ మరకల సంగతి నేను అన్నట్టే అయింది. పక్కింటావిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను. వరసకి ఏమీ కాకపోయినా తోడబుట్టినదాని కంటే ఎక్కువ. గోడకి ఆనుకుని వాళ్ళకి రేకుల వసారా ఒకటి ఉంది. అందులో ఆవిడ మామగారి మంచం వేశారు. పక్షవాతం వచ్చి ఆయన కుడివైపు పడిపోయింది. లోపలి గదుల్లో ఊపిరాడటం లేదని గొడవ చేస్తే, గాలి తగిలే చోటని అక్కడ వేశారు. కొత్త గోడకి అక్క తెల్లగా సున్నం వేయించింది. మొదటి వానకే ఎనిమిది చిల్లుల కిందా, ఏడ్చిన పిల్ల కాటుక కారినట్టు, ఎర్రమట్టి చారలు దిగాయి. మంచం కింద తడి.

"ఏమనుకోకు చెల్లీ" అంది అక్క. "నాకేం పర్లేదు. మీ బావగారు చూస్తేనే ఏదో ఒకటి అంటారు."

నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. నా పెరడు అందంగా ఉండటానికి అక్క ఇల్లు మురికి కావడమా. మర్నాడు బావగారు ఆఫీసుకి వెళ్ళాక, సిమెంటు కలుపుకుని వెళ్ళి, ఎనిమిది చిల్లులూ బొటనవేలితో అదిమి పూడ్చేశాను. తడి ఆరాక అక్క పైన సున్నం పూసింది. ఎక్కడుండేవో కనిపెట్టడానికే లేదు. అంచు మడత లోపలికి పోయిన జాకెట్టులా నున్నగా ఉంది గోడ. ఇద్దరం దాని ముందు నిలబడి టీ తాగాం. చెప్పొద్దూ, చాలా సంతోషించాను.

మేస్త్రికి చెప్పలేదు. బావగారికి అక్కా చెప్పలేదు.

ఆ ఏడు మిగతా వానలు చిన్నాచితకవే పడ్డాయి. గులాబీలు విరగబూశాయి. తీగ పందిరి పైకి పాకింది. సాయంత్రాలు నేను పలకల మీద కుర్చీ వేసుకుని గుండీలు కుట్టుకుంటుంటే, గోడ కింద నుంచి పెద్దాయన దగ్గు వినిపించేది. "తాతగారూ, మందు వేసుకున్నారా?" అని ఇక్కడి నుంచే అడిగేదాన్ని. "నీ గులాబీల వాసన పీలుస్తున్నానమ్మా, అదే మందు" అనేవాడు, తిరగని నాలుకతో.

మరుసటి ఏడు వానాకాలం వచ్చేసరికి మేస్త్రికి రెండు మోకాళ్ళూ వాచిపోయాయి. నాలుగడుగులు వేస్తే కూలబడుతున్నాడని తెలిసింది. వాన మాత్రం ఆయన కోసం ఆగలేదు. రెండు రోజులు వదలకుండా కురిసింది. మూడో రోజు పొద్దున, ముసురు ఇంకా పట్టి ఉండగా, ఫోను మోగింది.

"అమ్మా, చిల్లుల మేస్త్రిని. రాలేకపోతున్నాను, ఏమనుకోకండి. చిల్లుల్లోంచి నీళ్ళొస్తున్నాయా?"

ఆ గొంతు వినగానే, జేబులో చెయ్యి పెట్టి దొరికిపోయిన దొంగలా అయ్యాను. ఒక్క క్షణం నీళ్ళు నమిలాను. తర్వాత నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఆఁ, వస్తున్నాయండీ. బాగానే వస్తున్నాయి."

"సరే అమ్మా. హాయిగా ఉండండి" అని పెట్టేశాడు.

ఫోను కింద పెట్టి మిషను ముందు కూచున్నాను. దారం రెండుసార్లు తెగింది. లేచి పెరట్లోకి వెళ్ళాను. మడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి, పళ్ళెంలో పోసినట్టు. గులాబీ మొక్కలన్నీ ఒకే వైపు, గోడ వైపు, వాలి ఉన్నాయి. మడి అంచుకీ నేను కూర్చునే రాతి పలకలకీ మధ్య ఒక సందు కనిపించింది. అది అంతకుముందు లేదు. నా చేతిలో జాకెట్టు గుండీ ఒకటి ఉంటే నిలువుగా పెట్టి చూశాను. అంచులు తగులుతూ సరిగ్గా పట్టింది.

మట్టి కుంగి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని, పలక అంచున సుద్దముక్కతో గీత గీసి లోపలికొచ్చాను. అన్నం వండాను, తినలేదు. గంటన్నర తర్వాత వెళ్ళి చూస్తే సందులో రెండు గుండీలు పట్టాయి. ఒంగి గోడ పైవరస వెంట కన్ను పెట్టి చూశాను. తిన్నగా ఉండాల్సిన గోడ మధ్యలో అవతలికి పొట్టలా పొంగి ఉంది. అవతల, ఆ పొట్ట కిందే, పెద్దాయన దగ్గుతున్నాడు.

ఫోను నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

"మేస్త్రిగారూ, చిల్లుల్లోంచి నీళ్ళు రావట్లేదు."

"పొద్దున వస్తున్నాయన్నారు."

"అబద్ధం చెప్పాను. పోయినేడు నేనే సిమెంటు పెట్టి మూసేశాను. గోడ పొంగింది."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండు.

"గోడకవతల ఎవరున్నారు?" అన్నాడు.

"పక్కింటి పెద్దాయన. మంచం మీద."

"లేవగలడా?"

"లేవలేడు."

"ముందు ఆయన్ని బయటికి తియ్యండి. మంచం లాగొద్దు, మంచం గోడకి కొట్టుకుంటుంది. మనిషిని తియ్యండి. చిల్లులు పొడవొద్దు, పొడిస్తే గోడ మీద పడుతుంది. నేనొస్తున్నా."

వానలో చెప్పుల్లేకుండా పరిగెత్తాను. అక్క వంటింట్లో ఉంది. చెబితే నమ్మలేదు. వసారాలోకి తీసుకెళ్ళి గోడ చూపించాను. మేం పూడ్చిన చోట సున్నం ఉబ్బి, గుండ్రంగా తడి మరకలు తేలాయి. ఒక దాని అంచు నుంచి సూదిలో దారమంత సన్నగా నీళ్ళు చిమ్ముతున్నాయి, నేల మీదికి కాదు, ఎదురుగా. అది చూసి అక్క మంచం దగ్గరికి పరిగెత్తింది.

మంచం తలాపి గోడకి ఆనుకుని ఉంది. ఆ గోడకీ పెద్దాయన తలకీ మధ్య ఒక దిండు. దుప్పటితో సహా ఆయన్ని కిందికి దించాలి. ఇద్దరం ఆడవాళ్ళం, ఆయన చూస్తే నిండు మనిషి. నేను తల వైపు వెళ్ళాను. తప్పు నాది కనక గోడ వైపు నేనే ఉండాలనిపించింది, అంతే, ధైర్యమేం కాదు. దుప్పటి కొసలు పట్టుకుని ఎత్తుతుంటే నా వీపుకి గోడ తగిలింది. చల్లగా ఉంది.

"ఎక్కడికే, నన్ను పారేస్తున్నారా ఇద్దరూ కలిసి?" అన్నాడాయన.

"రేకులు కారుతున్నాయి మామయ్యా, హాల్లోకి పోదాం" అంది అక్క. ఆవిడా అబద్ధం మొదలుపెట్టింది.

దుప్పటిని నేల మీద ఈడ్చుకుంటూ గుమ్మం దాటించాం. గుమ్మం గట్టు దగ్గర ఆయన నడుం తగిలి మూలిగాడు. అవతల పడ్డాక ఇద్దరం అక్కడే నేల మీద కూలబడ్డాం. రొప్పుతూనే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ బావగారికి మాత్రం చెప్పకు. మామయ్య తలాపి గోడకి చిల్లులు మూసి, పైన నేనే సున్నం పూశానని తెలిస్తే ఈ జన్మలో నా మొహం చూడరు."

నేను తలూపాను. ఆ పూట దేనికైనా తలూపేదాన్ని.

మేస్త్రి ఆటోలో వచ్చాడు. వెంట వాళ్ళ అన్నయ్య కూడా దిగాడు. ఆయనకి ఎడమ కాలు మోకాలి కింద వంకర, చంకలో కర్ర. ఇద్దరికీ కలిపి చూస్తే ఒక్కటే మంచి కాలు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

మేస్త్రి గోడ దగ్గరకి వెళ్ళలేదు. పలకల మీద చతికిలపడి, ఎక్కడ తవ్వాలో కర్రతో చూపించాడు. పొట్ట పొంగిన మధ్య చోట ముందు, తర్వాత అటూ ఇటూ. గోడ పక్క మట్టి కాదు, ఇవతలి మట్టి. నీళ్ళు పెరటి మూలకి పోయేలా ఒక కాలవ. నేను, అక్క తవ్వాం. పార పట్టడం నాకు రాదు, అరచేతులు పొక్కాయి. నా గులాబీలు వేళ్ళతో సహా పీకి అవతల పడేశాను. పందిరి గుంజ అడ్డొస్తే అదీ పీకించాడు. ఏడాది పాటు ఒక్కో ఆకు తుడుచుకున్నదాన్ని, ఆ సాయంత్రం తొక్కుకుంటూ పోయాను. మధ్యలో ఆయనే ఉండబట్టలేక మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి చేత్తో బురద తోడాడు. చీకటి పడే వేళకి సగం మట్టి తీశాం. వాన కూడా వెలిసింది. గోడ నిలబడే ఉంది.

"హమ్మయ్య" అన్నాను.

"అనొద్దమ్మా" అన్నాడు మేస్త్రి. "అది ఇంకా నానుతోంది. తెల్లారాక ఎండొస్తుంది, అప్పుడు చెబుతాను. ఆయన్ని మాత్రం వసారాలోకి తీసుకురానివ్వొద్దు."

తెల్లారింది. ఎండ వచ్చింది. కడిగిన గాజులా ఉంది ఆకాశం. మేస్త్రి, వాళ్ళ అన్నయ్య ఏడింటికే వచ్చి అక్కావాళ్ళ ఇంటి ముందు నిలబడ్డారు. నేనూ వెళ్ళాను. లోపల గొడవ వినిపిస్తోంది. పెద్దాయన ఊపిరాడటం లేదని ఏడుస్తున్నాడు. రేకులు కారాయన్న మాటే తెలిసిన బావగారు, ఇప్పుడెక్కడ కారుతున్నాయంటున్నారు. ఆయన ఏడాదికోసారి గట్టిగా మాట్లాడే మనిషి. ఆ మాట్లాడే రోజు ఇదే అయింది.

తండ్రిని రెండు చేతుల మీదా ఎత్తుకుని వసారా వైపు వచ్చేశారు. అప్పటికే లోపలికి వచ్చి, వసారా గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మేస్త్రి అన్నయ్య కూర్చుని ఉన్నాడు, కర్ర అడ్డం పెట్టి.

"లేవండి."

"లేవలేను బాబూ, లేవగలిగితే ఇక్కడ కూచోను" అన్నాడాయన నిమ్మళంగా.

"గోడ పడేలా ఉంది బాబుగారూ" అన్నాడు పక్కనుంచి మేస్త్రి. బావగారు ఆయన వైపు తిరిగారు. "ఏంటిది? గోడ కట్టి ఏడాదిన్నర కాలేదు. అడుగున నీళ్ళు పోవడానికి చిల్లులు పెట్టానని మీరే గొప్ప చెప్పారు కదా. మరి ఎందుకు పడుతుంది?"

మేస్త్రి నా వైపు చూడలేదు. చూస్తాడేమోనని నేను బిగుసుకుపోయాను. ఆయన తల దించుకుని తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేను సరిగా కట్టలేదు బాబుగారూ" అన్నాడు. "నా గోడ మీద నాకే నమ్మకం లేదు. మీరు నన్నేమైనా అనండి. ఆయన్ని మాత్రం అక్కడ పడుకోబెట్టకండి."

నలభై ఏళ్ళుగా ఈ మనిషి గోడ ఒక్కటి కూడా చెడిందని మా వీధిలో ఎవరూ అనలేదు. చిల్లుల మేస్త్రి అని నవ్వినవాళ్ళే ఇల్లు కట్టేటప్పుడు ఆయన్నే పిలిచేవారు. ఆ పేరంతా తీసి ఒక్క మాటలో గుమ్మం ముందు పెట్టేశాడు, నేను ధైర్యం కూడదీసుకోవడానికి వ్యవధి ఇవ్వడానికన్నట్టు.

"సరిగా కట్టలేదా?" బావగారి గొంతు పెరిగింది. "అయితే నిన్న ఈ సంగతి నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? వీధంతా మిమ్మల్ని..."

"ఆయన సరిగానే కట్టాడు బావగారూ" అన్నాను. "చిల్లులు నేను మూశాను. మరకలు పడుతున్నాయని సిమెంటు కుక్కాను. నిన్న ఆయన ఫోను చేసి అడిగితే, నీళ్ళొస్తున్నాయని అబద్ధం చెప్పాను."

బావగారు తండ్రిని మోస్తూనే నన్ను చూశారు. అక్క పేరు చెప్పనని తలూపాను కనక అక్కడితో ఆపాను. వెనక నుంచి అక్క వచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరకలు పడుతున్నాయని దానికి చెప్పింది నేనే. పైన సున్నం పూసిందీ నేనే."

మేస్త్రి అన్నయ్య లుంగీ అంచు కొంచెం పైకి లాగి వంకర కాలు చూపించాడు.

"ఇలాంటి గోడే బాబూ. వీడు కట్టిన మొదటి గోడ. నున్నగా ఉండాలి, చిల్లులొద్దన్నారు యజమాని. వీడు చిన్నవాడు, సరేనన్నాడు. వాన వెలిసి ఎండొచ్చాక, అవతల కుళాయి దగ్గర నేను చేతులు కడుక్కుంటున్నాను." లుంగీ మళ్ళీ సర్దుకున్నాడు. "తీసుకెళ్ళండి లోపలికి, పెద్దాయనకి చేతులు వేలాడుతున్నాయి."

బావగారు వెనక్కి తిరిగారు. తండ్రిని హాల్లోకి తీసుకెళ్ళి, కిటికీ రెక్కలు రెండూ తీసి, దాని పక్కన పరుపు వేసి పడుకోబెట్టారు. అక్క వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

పదకొండు దాటాక పడింది గోడ. నేను మిషను ముందు కూచుని ఉత్త తొక్కుడే తొక్కుతున్నాను, కింద గుడ్డ లేకుండా. బియ్యం బస్తా ఎత్తు మీంచి పడేసినంత చప్పుడు, తర్వాత రేకులు నలిగిన చప్పుడు. పరిగెత్తుకెళ్ళి చూస్తే, పొట్ట పొంగిన చోట ఆరడుగుల మేర గోడ విరిగి వసారాలోకి దిగిపోయింది. మంచం కోళ్ళు రెండు మాత్రం రాళ్ళలోంచి బయటికి కనిపిస్తున్నాయి. తలాపి వైపు ఏమీ కనిపించడం లేదు. దిండు అక్కడే మర్చిపోయాం.

హాల్లోంచి పెద్దాయన అడుగుతున్నాడు. "ఏంటే ఆ చప్పుడు? పిల్లి ఏమైనా పడేసిందా?"

బావగారు ఆ రాళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మేస్త్రి దగ్గరకి వచ్చారు. "మీ తప్పని ఎందుకన్నారు?" అని అడిగారు.

"నా తప్పు కూడా ఉంది బాబుగారూ. రాకుండా, ఫోనులో అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా అడగలేదు."

కొత్త గోడకి ఈసారి బావగారే దగ్గరుండి పదహారు చిల్లులు పెట్టమన్నారు. ఎనిమిది చాలన్నాడు మేస్త్రి. ఇద్దరూ వాదించుకుని పన్నెండు దగ్గర ఆగారు. వలగుడ్డ నేను కొత్త తాను తెప్పించి ఇచ్చాను. బావగారు నాతో మాట్లాడటానికి ఆరు నెలలు పట్టింది, అక్కతో అంతకంటే కొంచెం ముందే. ఎర్ర చారలు ఇప్పుడు పన్నెండు. అక్క వాటిని కడగదు. పెద్దాయన వేరే మూల నుంచి వాటిని లెక్కపెడుతుంటాడు.

మేస్త్రి ఇక నడవలేడు. ఇంటి అరుగు మీద కుర్చీలో కూర్చుంటాడు. అందుకని మొదటి వానకి ఆయన కట్టిన పెరళ్ళకి నేను వెళుతున్నాను, రెండేళ్ళుగా. పద్నాలుగిళ్ళు. వాళ్ళ అన్నయ్య చెబితే కాగితం మీద రాసుకున్నాను. గొడుగు వేసుకుని, ఒక్కో గోడ కింద అరచెయ్యి పెట్టి చూసి, తిరిగి వెళ్ళి ఆయనకి చెబుతాను. మిషను ఆ రోజు మూసేస్తాను. జనం నవ్వుతారు. దర్జీకి పిచ్చెక్కిందంటారు, అనుకోనీ.

మొన్నటి వానకి తొమ్మిదో ఇంటి తలుపు కొట్టాను. లోపల వల తలుపు వెనక ఒకావిడ, నా కంటే చిన్నది, చేతిలో గరిటెతో వచ్చి నిలబడింది. ఎవరని చెప్పాను, ఎందుకొచ్చానో చెప్పాను.

"మీ గోడ చిల్లుల్లోంచి నీళ్ళొస్తున్నాయామ్మా?"

ఒక్క క్షణం ఆగింది. "ఆఁ, వస్తున్నాయండీ" అంది, గబగబా. "బాగానే వస్తున్నాయి."

నేను గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాను.

"తలుపు తియ్యమ్మా" అన్నాను. "నేనూ ఇలాగే చెప్పాను."